ఇంజను ఎట్టా ఆగిందో ముందు చెప్పండి

(చెన్నై రాయపురంలో, వేట నిషేధం రోజుల్లో, తెలుగు బోటు ఓనర్లు, డ్రైవర్లు, ఐటీఐ పిల్లల ముందు ఒక మెరైన్ మెకానిక్ మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసింది, మాటతీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడతా ఉందా? ఆ, సరే. ఫ్యాను కింద సీటు దొరికినోళ్ళు ఇవాళ అదృష్టవంతులు, మిగతావాళ్ళు కాస్త ఓర్చుకోండి, మే నెల చెన్నై గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరమంతా 61 రోజులు వేట బంద్ కదా, బోట్లన్నీ గట్టు మీదున్నాయి, మీరంతా ఖాళీగా దొరికారు, అందుకే ఈ మీటింగు ఇప్పుడు పెట్టమన్నాను. జూన్ 15 తెల్లారిందంటే కాశిమేడు ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క డ్రైవర్ని పట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడాలన్నా నా వల్ల కాదు.

ఇవాళ ఒకే ఒక్క కంప్లైంట్ గురించి మాట్లాడతా. ఇంజను సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుద్ది, బాగానే పోతా ఉంటది, గంటో రెండు గంటలో పోయాక ఉన్నట్టుండి ఆగిపోద్ది. కిందా మీదా పడి ఏదో చేస్తే మళ్ళీ స్టార్ట్ అవుద్ది, లేకపోతే మీరేం చెయ్యకుండానే పావుగంటకి దానంతటదే స్టార్ట్ అవుద్ది. తీసుకొచ్చి హార్బర్‌లో కట్టి మెకానిక్‌ని పిలిస్తే వాడి ముందు సాయంత్రం దాకా నడిపినా ఆగదు. ఇది పెద్ద తలనొప్పి. ఒకేసారి పూర్తిగా ఆగిపోయిన ఇంజను మాకు చాలా సుళువబ్బా, విప్పితే ఎక్కడో ఒకచోట విరిగిందో కాలిందో కనపడుద్ది. ఈ ఆగీ ఆగని రకం ఉంది చూశారూ, ఇది విప్పినా ఏమీ కనపడదు, ఎందుకంటే గట్టు మీద అది బాగానే ఉంటది కాబట్టి.

అప్పుడేమవుద్దంటే, ఏమీ కనపడలేదు కాబట్టి మెకానిక్కు ఏదో ఒకటి మార్చాలి, ఓనరు ముందు ఊరికే చేతులు తుడుచుకుని పోలేడు కదా. ఫీడ్ పంపు మారుస్తాడు, నాజిల్స్ మారుస్తాడు, ఎఫ్ఐపీ, అంటే ఇంజెక్టర్లకి డీజిల్‌ని ప్రెషరుతో కొట్టే పంపు, విప్పి కాలిబ్రేషన్‌కి పంపిస్తాడు, పుదుపేట స్పేర్ పార్టుల బజారుకి రెండుసార్లు తిరుగుతాడు, బిల్లు చూస్తే వలలో పడ్డ చేపంతా దానికే. మళ్ళీ సముద్రంలోకి పోతే మళ్ళీ ఆగుద్ది. మా వాళ్ళని నేను తిట్టడం లేదు, వాళ్ళ దగ్గర సమాచారం ఉండదు. సమాచారం ఉండేది బోటు మీద, ఆగిన ఆ రెండు నిమిషాల్లో. అక్కడున్నది డ్రైవరు, కళాసీలు. మీరు చూడాలి అది.

నన్ను ఎవరైనా పిలిచి అన్నా ఇంజను ఆగిపోతా ఉంది అంటే నేను స్పానరు తియ్యను. ఎట్టా ఆగిందో చెప్పు అంటా. అందరూ ఏం చెప్తారంటే, ఆగిపోయిందన్నా, అంతే. అది కాదబ్బా. స్విచ్ ఆపినట్టు టక్కున ఆగిందా? లేక రేసు, అంటే ఇంజను తిరిగే వేగం, తగ్గుతా, మళ్ళీ కాస్త ఎక్కుతా, మళ్ళీ తగ్గుతా, ఊగిసలాడి ఊగిసలాడి ఆగిందా? లేక బరువు మోస్తున్నట్టు మూలిగి, నల్ల పొగ వదిలి ఆగిందా? ఈ మూడూ వేరు వేరు.

స్విచ్ ఆపినట్టు ఆగితే ముందు కరెంటు వైపు పోవాలి. ఊగిసలాడి ఆగితే, అప్పుడు తెల్ల పొగ కూడా కొంచెం వస్తే, డీజిల్ సరిగ్గా అందట్లేదు, లేదా డీజిల్‌తో పాటు గాలి పోతా ఉంది. మూలిగి నల్ల పొగతో ఆగితే లోడు ఎక్కువైంది, లేదా ఇంజనుకి పీల్చుకోడానికి గాలి చాలట్లేదు. ఈ మూడు ముక్కలు డ్రైవరు సరిగ్గా చెప్పాడంటే నా పని సగం అయిపోయినట్టే, మీ బిల్లు కూడా సగం.

మన బోట్లలో ఎక్కువ కనపడేది రెండోది, కాబట్టి దాని మీదే ఎక్కువ మాట్లాడతా.

పాత రకం మెకానికల్ డీజిల్ ఇంజను తీసుకోండి. మన ట్రాలర్లలో లేలాండ్ ఇంజన్లు ఎన్నేళ్ళ నుంచి ఉన్నాయో మీకు తెలుసు, ఇక్కడే మన ఎన్నూరు ఫ్యాక్టరీ, 1948లో అశోక్ మోటార్స్ అని మొదలై 1955లో అశోక్ లేలాండ్ అయింది. అట్టాంటి ఇంజను ఒకసారి స్టార్ట్ అయిందంటే దానికి స్పార్క్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ తీసి పక్కన పెట్టినా నడుస్తది. స్టాప్ సోలినాయిడ్, అంటే కరెంటుతో డీజిల్ ఆపే వాల్వు, ఉన్న మోడల్ అయితే వేరే సంగతి, దాని గురించి తర్వాత చెప్తా. మరి ఆగిందంటే ఏంది అర్థం? డీజిల్ రాలేదు, లేదా గాలి అందలేదు, లేదా తిరగలేనంత బరువు పడింది. అంతకుమించి పెద్దగా లేవు. ఈ మూడింట్లో డీజిలే ఎక్కువ మోసం చేసేది.

టాంకు నుంచి డీజిల్ ఎట్టా వస్తదో ఒకసారి వేలు పెట్టి చూసుకుంటా రండి. టాంకులో కిందికి దిగిన డిప్ పైపు, పైన కాక్, అక్కడి నుంచి రబ్బరు హోసు, వాటర్ సెపరేటర్, మళ్ళీ హోసు, ఫీడ్ పంపు. ఇక్కడి దాకా ఒక లెక్క. ఫీడ్ పంపు తర్వాత ఫైన్ ఫిల్టరు, ఎఫ్ఐపీ, ఇంజెక్టర్లు, అది ఇంకో లెక్క. ఎందుకు విడదీసి చెప్తున్నానంటే, పంపు తర్వాత డీజిల్‌ని నెడతా ఉంటది, పంపుకి ముందు లాగతా ఉంటది. నెట్టే వైపు జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారుద్ది, వాసన వస్తది, చెయ్యి పెడితే జిడ్డు తగులుద్ది, మీకే తెలిసిపోద్ది. లాగే వైపు జాయింటు వదులైతే చుక్క కూడా కారదు. బయటి గాలే లోపలికి పోద్ది. అంతా పొడిగా, శుభ్రంగా కనపడుద్ది. కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రాకి సన్న చీలిక ఉంటే ఏమవుద్ది, నోట్లోకి నీళ్ళు రావు, గాలి వస్తది, కానీ స్ట్రా బయట తడేం ఉండదు కదా, అంతే ఇది కూడా.

అందుకే ఎక్కడా లీకు లేదన్నా, అంతా డ్రైగా ఉంది అని నాతో ఎవరైనా అంటే, పంపుకి ముందు వైపు నాకు ఆ మాట చెల్లదు.

ఇప్పుడు ఒక బోటు సంగతి చెప్తా, ఎవరిదో చెప్పను, ఆయన ఈ హాల్లోనే కూర్చుని ఉండొచ్చు. [నవ్వులు] పోయేటప్పుడు ఏమీ కాదు, నాలుగైదు రోజులు వేట చేసుకుని వెనక్కి తిరిగినాక ఆగుద్ది. ప్రతి ట్రిప్పూ అంతే. ఓనరు ఏమనుకున్నాడు, వచ్చేటప్పుడు చేపా ఐసూ ఉంటాయి, బరువుకి లాగలేకపోతా ఉంది అనుకున్నాడు. వినడానికి బాగానే ఉంది కదా. మెకానిక్కు కూడా అవునన్నాడు, పంపు విప్పారు, నాజిల్స్ మార్చారు. అయినా ఆగింది. తర్వాత ఎవరో దిష్టి అన్నారు. గుమ్మడికాయ కట్టారు, నిమ్మకాయలు కట్టారు, ఆయన భార్య గంగమ్మకి పొంగలి కూడా పెట్టింది, నేనేం తప్పుబట్టను, సముద్రం మీద పోయేవాళ్ళకి అది ధైర్యం. కానీ ఇంజను మాత్రం ఆగతానే ఉంది.

నన్ను పిలిచినప్పుడు ఓనరు కంటే ముందు సరంగుతో, అదే బోటు నడిపే ఆయనతో, మాట్లాడా, శ్రీకాకుళం వైపు మనిషి, నెమ్మదస్తుడు. అన్నా, ఆగినప్పుడు టాంకులో డీజిల్ ఎంతుంటది అనడిగా. ఆయన డిప్ కర్ర తెచ్చి చూపించాడు. టాంకులోకి దించి చూసే కర్ర, దాని మీద కత్తితో గాట్లు పెట్టుకున్నాడు, సగం గాటు దగ్గర బొటనవేలు పెట్టి, ఇక్కడికి దిగినాకేనండీ ఎప్పుడాగినా, అన్నాడు. ఈ మాట ఆయన్ని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. పాపం ఆయన కూడా ఓనరు మాట్లాడుతుంటే మధ్యలో ఎందుకులే అని ఊరుకున్నాడు.

డిప్ పైపు పైకి లాగాం. ఇనప పైపు. పైకి చూస్తే బాగానే ఉంది, మధ్యలో తుప్పు పొర గీకితే ఆవగింజంత బొక్క. కింద మూతి వేలితో మూసి, పైపుని నీళ్ళ బకెట్లో ముంచి, పైనుంచి నోటితో ఊదాం. బొక్క దగ్గర వరసగా బుడగలు. అర్థమైంది కదా? టాంకు నిండా ఉన్నంతసేపు ఆ బొక్క డీజిల్లో మునిగి ఉంటది, బొక్కలోంచి కూడా డీజిలే పోద్ది, నష్టం లేదు. లెవెలు బొక్క కిందికి దిగిన క్షణం నుంచి గాలి లాగుద్ది. హార్బర్‌కి రాగానే ఏం చేస్తారు, డీజిల్ నింపుతారు. నింపినాక మెకానిక్‌ని పిలుస్తారు. ఇంక ఎట్టా ఆగుద్ది? కొత్త స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు వేయించాం, కింద మూతి ఏటవాలుగా కోసి, టాంకు అడుగుకి ఆనకుండా ఒక అంగుళం పైన ఉండేటట్టు పెట్టాం, అడుగున మడ్డి ఉంటది కాబట్టి. ఆ పైపు ఖర్చు ముందు పెట్టిన ఖర్చులో ఏ మూలకీ రాదు.

ఒక్క మాట మధ్యలో చెప్తా. టాంకుకి వెల్డింగ్ పని ఉంటే, డీజిల్ ఖాళీ చేశాం కదా అని అట్టాగే వెల్డింగ్ పెట్టించొద్దు. ఖాళీ టాంకులో ఉండే ఆవిరే ప్రమాదం. అది తెలిసినోళ్ళతో, కడిగించి చేయించుకోవాల్సిన పని.

సరే, ఇంజను సముద్రంలో ఆగింది. ఏం చూడాలి? ఫిల్టరు మీద గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటది, అది కొంచెం వదులు చేసి, చేత్తో డీజిల్ కొట్టే హ్యాండ్ ప్రైమరు కొట్టండి. అందరూ ఈ పని చేస్తారు, కానీ ఎయిర్ తీసి స్టార్ట్ చేసే హడావిడిలో అక్కడ ఏం వచ్చిందో చూడరు. చూడండి. నురగలాగా బుడగలతో వస్తే, లాగే వైపు ఎక్కడో గాలి దూరతా ఉంది. ప్రైమరు గట్టిగా ఉండి, లేదా ఎంత కొట్టినా ఏమీ రాకపోతే, ఎక్కడో అడ్డం పడింది. బుడగ లేకుండా ధారగా కమ్మగా వస్తే, అక్కడిదాకా డీజిల్ బాగానే వస్తా ఉంది, వేరే చోట వెతకండి. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఫోన్‌లో వీడియో తీసుకురండి, ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా, రీల్స్ తీస్తారు, ఇది తియ్యలేరా? [నవ్వులు]

ఇంజెక్టరు నట్టు వదులు చేసి ఎయిర్ తీసేటప్పుడు మాత్రం ఆ ధారకి చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఆ ప్రెషరుకి డీజిల్ చర్మంలోకి దిగిపోద్ది, పైకి చిన్న గాటు లాగే ఉంటది, లోపల చెయ్యి పాడైపోద్ది. అట్టా జరిగితే పసుపు పెట్టి కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

అడ్డం పడటం గురించి. టాంకులో మడ్డి, గుడ్డపీలిక, పాత టెఫ్లాన్ టేపు ముక్క, సీలెంటు ముక్క, ఏదైనా సరే. ఇంజను లాగేటప్పుడు అది వచ్చి పైపు మూతికి అతుక్కుంటది. ఇంజను ఆగిపోద్ది. ఆగితే లాగడం ఆగింది కదా, కాసేపటికి ఆ ముక్క ఊడి కిందికి పడిపోద్ది. మీరు మళ్ళీ స్టార్ట్ చేస్తే బ్రహ్మాండంగా నడుస్తది. దానంతటదే బాగైందన్నా అనే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే. హార్బర్‌లో నీళ్ళు కదలవు, మడ్డి అడుగునే పడుకుని ఉంటది, బయట అల మీద బోటు ఊగితే అంతా లేస్తది, అందుకే అక్కడే ఆగుద్ది. డిప్ పైపు చివర సన్న జాలీ పెడతారు కొందరు, నాకది నచ్చదు, టాంకు లోపలున్న జాలీని సముద్రంలో ఎవడు కడుగుతాడు? బయట మంచి ఫిల్టరు పెట్టుకోండి, చేతికి అందేచోట.

ఇంకోటి టాంకు వెంట్. డీజిల్ బయటికి పోతా ఉంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి, దానికే వెంట్ పైపు. అది మూసుకుపోతే టాంకులో వాక్యూమ్ అవుద్ది, పంపు లాగలేదు, గంటో గంటన్నరో నడిచి ఆగుద్ది. ఈ 61 రోజుల్లో దానికేమవుద్దో తెలుసా, కుమ్మరి పురుగు మట్టి తెచ్చి అందులో గూడు కట్టుద్ది. అది చాలదన్నట్టు ఇప్పుడు బోటుకి పెయింటు వేస్తారు కదా, పెయింటరు కుర్రోడు వెంట్ మూతి మీద కూడా రెండు కోట్లు ఏసేస్తాడు. టెస్టు చాలా సింపులు. ఆగిన వెంటనే టాంకు మూత తిప్పండి, సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు వచ్చిందా, దొరికింది దొంగ. ఫైబర్ బోట్లలో ఔట్‌బోర్డు, అంటే బోటు వెనకాల బయట తగిలించే ఇంజను, వాడేవాళ్ళు, మీ ప్లాస్టిక్ టాంకు మూత మీద చిన్న వెంట్ స్క్రూ ఉంటది, ఒడ్డున మోసేటప్పుడు ఒలుకుద్దని బిగిస్తారు, బయల్దేరేటప్పుడు తెరవడం మర్చిపోతారు. దీని కోసం నన్ను పిలిపించినోళ్ళున్నారు, నవ్వొద్దు.

ఇవన్నీ తేల్చుకోడానికి నాకు బాగా నచ్చిన టెస్టు ఒకటుంది, క్యాన్ టెస్టు. శుభ్రమైన డీజిల్ క్యాను ఒకటి ఇంజను కంటే కొంచెం ఎత్తులో గట్టిగా కట్టండి. దాన్నుంచి కొత్త హోసు నేరుగా ఫీడ్ పంపుకి. టాంకు, పాత హోసులు, సెపరేటరు అన్నీ పక్కన పెట్టేసినట్టు. రిటర్ను పైపు కూడా క్యానులోకే పెట్టండి, ఇది మర్చిపోతే డీజిల్ తిరిగి టాంకులోకి పోయి క్యాను చూస్తుండగానే ఖాళీ అయిపోద్ది. ఇప్పుడు రోజూ ఆగే టైము కంటే ఎక్కువసేపు, లోడు మీద, నడపండి. ఆగలేదంటే తప్పు టాంకుకీ పంపుకీ మధ్యలో ఉంది, ఇంజను జోలికి పోనక్కర్లేదు. ఆగిందంటే పంపు, ఆ తర్వాత వైపు చూడాలి. ఒక్క పూటలో సగం బోటు తీసి పక్కన పెట్టేసినట్టు కదా. పంపు ముందు ఒక జానెడు పారదర్శకంగా ఉండే డీజిల్ హోసు పెడితే బుడగలు కంటికే కనపడతాయి, కానీ అది టెస్టు వరకే, పర్మనెంటుగా ఉంచొద్దు, వేడికి మెత్తబడి ఊడుద్ది. పెట్రోలు ఇంజనుకి ఈ క్యాను పని మూసిన ఇంజను రూములో చెయ్యకండి, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటది, ఒక్క నిప్పురవ్వ చాలు.

నీళ్ళ సంగతి. లీటరు డీజిల్ బరువు సుమారు 830, 840 గ్రాములు, నీళ్ళు కిలో, కాబట్టి నీళ్ళు అడుగుకి పోతాయి, పైపు మూతి ఉండేది కూడా అక్కడే. టాంకు సగం ఖాళీగా పెట్టి రెండు నెలలు వదిలేస్తే, మన చెన్నై గాలిలో తేమకి రాత్రిపూట లోపల గోడలకి చెమట పట్టుద్ది, అదంతా కిందికి దిగుద్ది. ఆ నీళ్ళకీ డీజిల్‌కీ మధ్యలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, నల్లగా జిగటగా ఉంటది, చాలామంది దాన్ని తారు అనుకుంటారు. ఫిల్టరు కొత్తది వేసినా నాలుగు రోజులకి మూసుకుపోతా ఉందంటే ఫిల్టరు కంపెనీని తిట్టొద్దు, టాంకు కడగండి. సెపరేటరు కింద డ్రెయిన్ కాక్ రోజూ ఒకసారి గాజు సీసాలోకి వదిలి చూడటం అలవాటు చేసుకోండి.

పెట్రోలు వాడేవాళ్ళకి ఇంకో చిక్కు వచ్చిపడింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ20 మొదలుపెట్టారు కదా, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇప్పుడు బంకుల్లో వచ్చేది అదే. రోడ్డు మీద బండి సంగతి వేరు, బోటు సంగతి వేరు. ఇథనాల్ తేమని పీల్చుకుంటది. ఒక హద్దు దాటినాక ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోల్‌ని వదిలేసి అడుగుకి చేరతాయి. ఇంజను అది లాగితే ఇంకేం నడుస్తది. కాబట్టి నిషేధం ముందు మిగిలిన పెట్రోలు జూన్‌లో వాడొద్దు, తాజాది పొయ్యండి. పాత రబ్బరు హోసులు కూడా దీనికి తట్టుకోవు, లోపలి పొర ఊడి మడతపడుద్ది, బయటికి కొత్తదానిలా ఉంటది.

ఔట్‌బోర్డులో చేత్తో నొక్కే ప్రైమర్ బల్బు ఉంటది కదా, అది మంచి సాక్షి. ఆగేటప్పుడు అది చప్పగా అణిగిపోయి ఉంటే, బల్బుకి ముందు ఎక్కడో అడ్డం, టాంకు వెంట్‌తో కలిపి. ఇంజను తగ్గిపోతున్నప్పుడు ఇంకొకరు బల్బు నొక్కుతా ఉంటే ఇంజను నిలబడిందంటే, అది పెట్రోలు అందని సమస్య, ప్లగ్గులు మార్చొద్దు. ఎంత నొక్కినా బల్బు గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగతా ఉంది, టాంకు దగ్గర కనెక్టరులో ఓ-రింగు, అదే చిన్న రబ్బరు రింగు, చూడండి, పది రూపాయల సరుకు.

ఇప్పుడు టక్కున ఆగేది. సోలినాయిడ్లలో ఒక రకం, కరెంటు ఉన్నంతసేపే డీజిల్ వదులుద్ది, కరెంటు పోతే మూసేస్తది. దాని వైరు చివర పచ్చ చిలుం పట్టి ఉంటది, లేదా ఎర్తు వదులుగా ఉంటది, అల మీద బోటు ఎగిరినప్పుడు ఒక్క క్షణం కనెక్షన్ పోద్ది, ఇంజను ఆగిపోద్ది, మీరు వచ్చి చూసేసరికి మళ్ళీ కనెక్షన్ ఉంటది. ఒక చిన్న టెస్టు బల్బు సోలినాయిడ్ వైరుకి కట్టి డ్రైవరుకి కనపడేచోట పెట్టండి, ఇంజను ఆగిన క్షణంలో అది ఆరిందా లేదా, అంతే. పెట్రోలు ఔట్‌బోర్డుకి ఇదే పని తిరగేసి ఉంటది, కిల్ స్విచ్ వైరు ఎర్తుకి తగిలితే ఆగుద్ది. ఇగ్నిషన్ కాయిల్ కూడా ఒకటి, వేడెక్కినాక స్పార్క్ పోద్ది, చల్లారినాక వస్తది, వేడి మీదున్నప్పుడే స్పార్క్ చూడాలి, చల్లారినాక చూస్తే ఏం దొరకదు.

నల్ల పొగది తొందరగా చెప్పేస్తా. న్యూట్రల్‌లో బాగుండి గేరు వేస్తే ఆగతా ఉందంటే ఫ్యానుకి, అదే నీళ్ళలో తిరిగే ప్రొపెల్లరుకి, వలో తాడో చుట్టుకుని ఉంటది. వానాకాలంలో కూవం, అడయారు నదుల ముఖద్వారాల నుంచి వచ్చే ప్లాస్టిక్ సంగతి మీకు నేను చెప్పేదేంది. అదే ప్లాస్టిక్ కూలింగ్ నీళ్ళ దారిలో పడితే ఇంజను వేడెక్కి బిగుసుకుని ఆగుద్ది, అప్పుడు సెల్ఫ్ కొట్టకండి, చల్లనీళ్ళు పొయ్యకండి, చల్లారనివ్వండి.

ఇవన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. టైము, టాంకు లెవెలు, ఎంత రేసు మీదున్నాం, అల ఎట్టా ఉంది, ఎట్టా ఆగింది, బ్లీడ్ స్క్రూ దగ్గర ఏం కనపడింది, ఎంతసేపటికి స్టార్ట్ అయింది. ఒక ట్రిప్పులో ఒక్కటే మార్చండి. నాలుగు ఒకేసారి మారిస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలీదు, మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ నాలుగూ మార్చాలి.

ఇంకొకటి, ఇంజను ఆగగానే అందరూ ఇంజను రూములో దూరతారు, బోటు ఎటు కొట్టుకుపోతుందో చూసేవాడు ఉండడు. ముందు లంగరు. అలలు విరిగే చోటో బండరాళ్ళో దగ్గరుంటే ఇంకేదీ ఆలోచించకుండా లంగరు, తర్వాత స్పానరు. వీహెచ్ఎఫ్ రేడియో ఛానెల్ 16లో పక్క బోట్లకి చెప్పండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, టోల్ ఫ్రీ, ఇది బోటు మీద పెయింటుతో రాయించండి, ఫోన్‌లో ఉంది అంటే ఫోన్ తడిసిపోద్ది.

అడగండి ఇంక. ఆ, చెప్పమ్మా.

(ఒక మహిళా ఓనరు: మెకానిక్ వచ్చి పంపు పోయిందక్కా అంటే మేము ఏమని అడగాలి? మాకు ఇవన్నీ తెలీదని వాళ్ళకి తెలుసు.)

మంచి ప్రశ్నమ్మా. ఏం చూసి చెప్తున్నావు తమ్ముడూ అని ఒక్క మాట అడుగు. పని తెలిసినోడైతే ఇది చూశాను, ఇది వచ్చింది అని చూపిస్తాడు. మామూలుగా పంపే పోద్దక్కా అన్నాడంటే, క్యాన్ పెట్టి నడిపి చూశావా అనడుగు. ఆ మాట నీ నోట్లోంచి రాగానే వాడు కొంచెం జాగ్రత్త పడతాడు. పాత సామాను తీసిందల్లా తిరిగి ఇమ్మను, బాగున్న పంపైతే స్పేరుగా పనికొస్తది.

(ఐటీఐ విద్యార్థి: సార్, కొత్త ఇంజన్లు కామన్ రైల్ కదా, డీజిల్ కొట్టేదంతా కంప్యూటర్ కంట్రోలు, స్కానర్ పెడితే కోడ్ వస్తది, ఇదంతా ఎందుకు?)

స్కానరు పెట్టు బాబూ, తప్పకుండా పెట్టు. రైల్ ప్రెషర్ తక్కువ అని కోడు వస్తది. ప్రెషర్ తక్కువని అది చెప్పింది, ఎందుకు తక్కువో చెప్పలేదు. డిప్ పైపుకి బొక్కున్నా అదే కోడు, ఫిల్టరు మూసుకుపోయినా అదే కోడు, సెన్సరు పోయినా అదే రావొచ్చు. నువ్వు కోడు చూసి సెన్సరు మార్చేశావనుకో, పాతకాలం వాళ్ళు పంపు మార్చినట్టే, కాకపోతే నీ చేతిలో స్కానరుంది. ఇంకోటి, ఆ సిస్టమ్‌లో ప్రెషరు చాలా ఎక్కువ, పాత ఇంజనులాగా నట్టు వదులు చేసి ఎయిర్ తియ్యకూడదు, కంపెనీ వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే చెయ్యాలి.

(ఒక ఫైబర్ బోటు ఓనరు: అన్నా, మాది కిరసనాయిల్ ఇంజను. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరసనాయిల్‌కి తిప్పగానే ఆగుద్ది, అప్పుడప్పుడు.)

అప్పుడప్పుడు అంటే ఎప్పుడు? పొద్దున్నే మొదటిసారేనా? ఆ, అదీ. ఇంజను వేడెక్కకముందే తిప్పేస్తున్నావు. కిరసనాయిల్ చల్లటి ఇంజనులో సరిగ్గా ఆవిరి కాదు. ఇంకొంచెంసేపు పెట్రోలు మీద పోనీ, తర్వాత తిప్పు. సాయంత్రం ఒడ్డుకి వచ్చే ముందు మళ్ళీ పెట్రోల్‌కి తిప్పి, కార్బురేటర్లో కిరసనాయిల్ అయిపోయినాక ఆపు, లేకపోతే మర్నాడు స్టార్టింగే ఉండదు. అట్టా చేసినాక కూడా ఆగితే ఆ రెండు వైపుల కాక్ ఉంటది చూడు, దాని సీలు పోయి గాలి లాగుతుండొచ్చు, అది చూద్దాం, రేపు పట్టుకురా.

సరే, టీ వచ్చిందంటున్నారు. బయట షెడ్డులో ఒక ఇంజను స్టాండు మీద పెట్టించాను, టీ తాగినాక అక్కడికి రండి, హోసు క్లాంపు ఒకటి కావాలనే వదులు చేసి పెడతా, ఎవరు ముందు కనిపెడతారో చూద్దాం. మంచి చొక్కాలు వేసుకొచ్చినోళ్ళు కాస్త ఎడంగా నిలబడండి.